రెండు గంటల డ్రమ్ము

"పక్కకు తప్పుకో దాసప్పా! బెల్టు కోసేస్తాం!"

కొడవళ్లు పట్టుకున్న నలుగురు అప్పటికే ఇంజను షెడ్డులోకి దూరారు. దాసప్ప రెండు చేతులూ చాచి తన బావి మీది ఆయిలింజనుకు అడ్డంగా నిలబడ్డాడు. అతని వెనక నాలుగెకరాల చీనీ బత్తాయి తోట ఉంది. మూడేళ్ల మొక్కలు. ఈ ఎండకు పది రోజులు నీళ్లు ఆగితే కట్టెలైపోతాయి.

షెడ్డుకు నూరు గజాల దూరంలో ఊరి బావి. నెల రోజులుగా దాంట్లో నీళ్లు రోజుకు బెత్తెడు చొప్పున దిగిపోతున్నాయి. ఇంకో వారానికి మించి రావు.

"నేను ముందే చెప్పినా గదా సార్," అన్నాడు పంచాయతీ ప్రెసిడెంటు బయ్యన్న, జీపు దిగుతున్న తహసీల్దారుతో. "ఇంజను వచ్చినాకనే బావి ఎండతాండాది. ఇంక పరీక్షెందుకు, సీలు వేసేయండి."

"ఆగండి!" జయరాముడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. గుత్తి నుంచి వచ్చిన నీటి సరఫరా సూపర్‌వైజరు అతను. "ఇంజను ఆపొద్దు. రెండు గంటలు నడవనీండి సార్. ఇదే దొంగైతే నా మిషను పట్టిస్తాది."

తహసీల్దారు వాచీ చూసుకున్నాడు. పదకొండు. "ఒంటిగంటకు సీలు వేస్తాను. అంతే."

ఆ మిషను కోసం జయరాముడు శనివారం అనంతపురం స్టోరులో పెద్ద గొడవే పడ్డాడు. నీటిమట్టం గీసే యంత్రాలు అక్కడ రెండే ఉన్నాయి. కొత్తదాంట్లో కాగితం చుట్టిన డ్రమ్ము వారానికొక చుట్టు తిరుగుతుంది. నీళ్లు పది అంగుళాలు దిగితే పెన్ను ఒక్క అంగుళం దిగుతుంది. రెండోది పాతది, తుప్పు పట్టింది. దాని డ్రమ్ముకు రెండు గంటలకే ఒక చుట్టు. నీళ్లెంత దిగితే పెన్నూ అంతే.

"కొత్తది తీసుకపో అప్పా," అన్నాడు స్టోరు కీపరు. "వారానికొక కాయితం మారిస్తే చాలు. ఆ ముసలిదాన్ని తీసుకపోతే రెండు గంటలకొకతూరి మార్చల్ల. అన్నం ఎప్పుడు తింటావు?"

"దొంగ వారానికొకతూరి వస్తాడా అన్నా?"

"దొంగా? బావిలోనా?" కీపరు పడీపడీ నవ్వాడు. పాతది ఇచ్చాడు.

ఇంజను నడిపి చూసే పరీక్ష సోమవారమే జరగాలని పట్టుబట్టింది బయ్యన్నే. జయరాముడు ఎవరికీ చెప్పకుండా ఆదివారమే వచ్చి, బావిలో నీళ్ల మీద తేలే డబ్బా వదిలి, దాని తీగను పెన్నుకు కట్టాడు. ఊరికి నీళ్లు తోడేది పొద్దున మాత్రమే. పదింటికి బావికి తాళం పడుతుంది. ఆ తర్వాత పెన్ను కదిలిందంటే, నీళ్లు తీసేది బయటివాళ్లే.

ఆదివారం పెన్ను కదిలింది.

ఇప్పుడు సోమవారం. ఇంజను డుబడుబమంటోంది. జనం బావి గట్టు మీద మూగారు. పొద్దున నీళ్లందక ఖాళీ బిందెతో ఉన్న నల్లమ్మ యంత్రంలోకి తొంగి చూసింది. ఆమె బయ్యన్న చేలో కూలికి పోతుంది.

"ఏం సామీ, నీ గడియారం నీళ్లు తాగతాదా?"

"తాగదు. తాగినోళ్లను చెప్తాది."

"అట్లయితే రొంత తొందరగా చెప్పమను. నా బిందె ఎండిపోయె."

పన్నెండయింది. పెన్ను కదల్లేదు. పన్నెండున్నర. జయరాముడి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. యంత్రం తుప్పుతో బిగుసుకుపోయిందా? గులకరాయి తీసి బావిలోకి విసిరాడు. పెన్ను సన్నగా వణికి, మళ్లీ తన చోటికి వచ్చింది. బిగుసుకోలేదు.

ఒంటిగంటకు కాగితం విప్పాడు. గీత దారం లాగినట్టు ఉంది.

"సార్, రెండు గంటలు ఇంజను నడిచింది. బావిలో వెంట్రుకంత కూడా దిగలేదు."

దాసప్ప నేల మీద కూలబడ్డాడు. బయ్యన్న గొంతు పెంచాడు. "మిషను చెడిపోయింటాది! నీళ్లు పోతాండేది అబద్ధమా?"

"అబద్ధం కాదు." జయరాముడు సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. "ఇది నిన్నటిది."

బయ్యన్న మొహం మారింది. "నిన్నటిదా?"

ఆ గీత సాపుగా లేదు. రంపంలా ఉంది. పక్కపక్కనే రెండు పళ్లు, కొంచెం ఖాళీ, మళ్లీ రెండు పళ్లు. సాయంత్రం దాకా అన్ని కాగితాల్లోనూ అదే.

"ఇంజను నీళ్లను ఏకధారగా లాగుతాది సార్. ఇది అట్ల కాదు. ఒక్కో పన్ను నీళ్లు తోడే ఒక్కో బాన. ఇది ఎద్దులతో తోలే కపిల మోట. బాన మునిగిన నిమిషానికే ఈడ పెన్ను దిగుతాందంటే, ఆ కపిల ఉండే బావికీ ఈ బావికీ మధ్య ఎవరో సొరంగం తవ్వినారు."

"మరి ఈ రోజు ఎందుకు దిగలేదు?" అడిగాడు తహసీల్దారు.

జయరాముడు జనం వైపు తిరిగాడు. "మీరే చెప్పండప్పా. సోమవారం ఈ సీమలో ఎద్దుల మెడ మీద కాడి పెట్టేదెవరు?"

ఎవరూ పెట్టరు. సోమవారం బసవన్నకు సెలవు. అది అందరికీ తెలుసు. పరీక్షకు ఆ రోజే కావాలన్నది ఎవరో కూడా తెలుసు.

"కపిలలు ఊర్లో పదైదు ఉండాయి," అన్నాడు బయ్యన్న.

"పదైదు ఉండనీ. వెంటవెంటనే రెండు బానలు పడినాయి. ఒకే బావికి రెండు కపిలలు ఎవరికి ఉండాయి?"

దాసప్ప నోరు తెరిచాడు. తహసీల్దారు చెయ్యెత్తి ఆపాడు. "నువ్వు కాదు. నీ మీదే నింద ఉంది. వేరే ఎవరైనా చెప్పాలి."

కొడవళ్లు పట్టుకున్న నలుగురూ తలలు దించుకున్నారు. బయ్యన్న ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ వచ్చాడు. ఆ చూపు నల్లమ్మ దగ్గరికి రాగానే ఆమె ఖాళీ బిందెను ధన్‌మని గట్టు మీద పెట్టింది.

"నా మొగం ఏం చూస్తావు. రేపట్నుంచి నీ చేలోకి రానులే!" అని తహసీల్దారు వైపు తిరిగింది. "జోడు కపిల ఈ ఊర్లో ఒక్కటే సామీ. ఆ తుమ్మచెట్ల యెనక బావిది. అది బయ్యన్నది."