హవల్దారు ఇంటి భజన

మా చెరుకు తోట కూలీల కాంపులో పొద్దున్నే నిద్ర లేవడానికి చక్కెర మిల్లు గంట అక్కర్లేదు, జగ్గయ్య దగ్గు చాలు. గంట కంటే ముందు ఆయన లేచేవాడు. లేచి, దుప్పటిని నాలుగు మూలలూ కలిపి ఇటుకలా మడత పెట్టేవాడు. ఆ మడత బాగుందో లేదో చూసేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఆయన భార్య నాగమ్మ పోయిన తర్వాత ఆ ఇంట్లోకి ఈగ దూరాలన్నా ముందు గుమ్మం దగ్గర నిలబడి పేరు చెప్పుకోవాలని మేం నవ్వుకునేవాళ్ళం.

ఆయన ఒకప్పుడు మద్రాసు పటాలంలో కవాతు నేర్పే హవల్దారు. నాగలి వదిలి వచ్చిన కుర్రాళ్ళకి ఏది ఎడమ కాలో ఏది కుడి కాలో తెలియజెప్పి, వాళ్ళని సిపాయిలుగా చేసి పంపడం ఆయన పని. ఒకరోజు ఆ పటాలాన్నే ఎత్తేశారు. నిలబెట్టి అరవడానికి మనుషులు లేకపోతే హవల్దారుకి ఊళ్ళో ఏం తోస్తుంది? నాగమ్మని వెంటబెట్టుకుని ఓడెక్కి మారిషస్ వచ్చేశాడు. మాంటాన్ బ్లాంష్ పక్కన మా చెరుకు తోట దొర ఆయన మీసం చూసి, ఇంకేమీ అడక్కుండా కూలీల మీద సర్దారు పని ఇచ్చాడు.

తెల్లవారకముందే కూలీలు కత్తులు పట్టుకుని వస్తే సర్దారు పేర్లు పిలుస్తాడు. దాన్ని ఇక్కడ లాపెల్ అంటారు. మిగతా తోటల్లో లాపెల్ అంటే ఆవలింతలూ, తుమ్ములూ, బీడీ పొగా. మా తోటలో మాత్రం అది కవాతు. జగ్గయ్య "ఫాలిన్!" అన్నాడంటే తాడు పట్టి గీసినట్టు వరస కట్టాలి. "హాల్ట్!" అంటే నడుస్తున్నవాడు నడుస్తున్నచోటే ఆగిపోవాలి. సాయంత్రం పని అయ్యాక "డిస్మిస్!" అంటే కుడివైపుకి తిరిగి, వెనక్కి చూడకుండా ఇంటికి పోవాలి. ఏళ్ళ తరబడి ఇదే తంతు. చివరికి మా బుర్రలతో పని లేకుండా మా కాళ్ళే ఆయన మాట వినడం నేర్చుకున్నాయి.

వినని కాళ్ళు తోట మొత్తానికి ఒక్క వీరాస్వామివి. వాడికి కుడి అంటే ఎడమ, ఎడమ అంటే కుడి. జగ్గయ్య తిట్టాడు, బతిమాలాడు, గుర్తు కోసం ఎడమ కాలికి చెరుకాకు కట్టించాడు. మర్నాడు వాడు ఆ ఆకు కుడి కాలికి కట్టుకుని వచ్చాడు. "నీ కాళ్ళు మీ అమ్మ కడుపులోనే తారుమారయినాయిరా!" అని జగ్గయ్య తల పట్టుకున్నాడు. వాడు కోప్పడకుండా "అవును మావా" అన్నాడు.

ఆయన అరుపు మాకు బరువనిపించకపోవడానికి కారణం నాగమ్మ. ఆయన గొంతుకి ఒకటే మెట్టు. ఇంటికెవరైనా వెళితే "కూర్చో!" అని గర్జించేవాడు. కొత్తవాడైతే హడలిపోయేవాడు. లోపలి నుంచి నాగమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "కూర్చో తమ్ముడూ, దితే తాగి ఎల్దువు గాని" అనేది. దితే అంటే ఇక్కడి క్రియోల్ మాటలో టీ. ఆయన చెప్పినదీ అదే, ఆవిడ చెప్పినదీ అదే. కానీ ఆవిడ చెబితేనే మనం కూర్చునేవాళ్ళం. ఆయన మాత్రం కూర్చునేవాడు కాదు. మనం తాగినంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని, మన పాదాల వంక చూస్తూ నిలబడేవాడు.

ఆయనకి వయసు మీద పడింది, దొర ఇంకో సర్దారుని పెట్టుకున్నాడు. అదే ఏడు ఊరంతా జ్వరాలు. ముందు జగ్గయ్య మంచం పట్టాడు. నాగమ్మ ఇంట్లో రామభజన చేయిస్తానని మొక్కుకుంది. ఆయన లేచాడు, ఆవిడ పడింది. మొక్కు తీరకుండానే పోయింది. వాళ్ళకి పిల్లల్లేరు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. జగ్గయ్యది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, పటాలంలో అంటుకున్నది. అయినా పోలేదు. లాపెల్ లేకపోయినా గంటకి ముందే లేచి, పాత పటాలం కోటు బొత్తాలకి చింతపండు రాసి తోమి, దాన్ని తొడుక్కుని గుమ్మంలో నిలబడేవాడు. అన్నం గబగబా నాలుగు ముద్దల్లో ముగించేవాడు, బూరా ఊదేస్తారని కాబోలు. చంకలో బెత్తం పెట్టుకుని కొట్టుకి వెళ్ళి ఉప్పు కొనుక్కుని, గిర్రున వెనక్కి తిరిగి వచ్చేవాడు. ఎవరైనా పలకరిస్తే బదులు ఉరుములా వచ్చేది. దాన్ని మెత్తటి మాటలోకి మార్చి చెప్పే మనిషి లేదు. పాపం ఆయనేమో పలకరించాననుకునేవాడు, ఎదుటివాడేమో తిట్టు తిన్నాననుకునేవాడు. మెల్లగా అందరూ అటు వెళ్ళడం మానేశారు.

ఇక మిగిలింది శనివారం భజన ఒక్కటే. సాయంత్రం రామమందిరం పాకలో నడుమ దీపస్తంభం పెట్టి, మగవాళ్ళం తాళాలు పట్టుకుని చుట్టూ అడుగులు వేస్తూ పాడతాం. ఒకసారి దీపం వెలిగించి పాట ఎత్తుకుంటే తెల్లవారేదాకా ఆగకూడదు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకోవాలి గాని, నామం తెగకూడదు. తెగితే ఊరికి అరిష్టం. మా పెద్దవాళ్ళు ఆ దేశం నుంచి మూటగట్టి తెచ్చుకున్న వాటిలో చెక్కుచెదరకుండా మిగిలింది ఇదే.

నాగమ్మ పోయిన కొన్నాళ్ళకి జగ్గయ్య కూడా తాళాలు పట్టుకుని గుండ్రంలో చేరాడు. కాసేపు బాగానే నడిచింది. కానీ ఆయన ముందు నడుస్తున్నది వీరాస్వామి. అందరూ ముందుకి వేస్తే వాడు వెనక్కి వేస్తాడు. జగ్గయ్య మెడ నరాలు ఉబ్బడం నేను చూస్తూనే ఉన్నాను. ఓర్చుకున్నాడు, ఓర్చుకున్నాడు, చివరికి "హాల్ట్!" అన్నాడు.

మేం ఆగిపోయాం. కాళ్ళు ఆగాయి, తాళాలు ఆగాయి, రామనామం సగంలో గొంతులోనే ఉండిపోయింది. వీరాస్వామి ఒక్కడే ఇంకో రెండడుగులు వేసి ఎవరినో గుద్దుకున్నాడు. భజన గురువు గోపాలం తాళాలు కింద పెట్టి ఏడ్చినంత పని చేశాడు. ఆ రోజు నుంచి జగ్గయ్యని లోపలికి రానివ్వలేదు. శనివారం సాయంత్రం ఆయన పాక బయట లీచీ చెట్టు కింద నిటారుగా నిలబడి వినేవాడు. వాన పడినా కదిలేవాడు కాదు. ఎత్తు మీదున్న క్యూర్‌పైప్ ఊరి వైపు నుంచి మంచు దిగితే మనిషి కనబడేవాడు కాదు గాని, ఉన్నాడని దగ్గు చెప్పేది. నాకు జాలేసేది, భయమూ వేసేది. భయమే గెలిచేది.

నాగమ్మ సంవత్సరీకం దగ్గర పడుతుండగా ఆయన గోపాలం ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"భజన కావాలి! మా ఇంట్లో! నాగమ్మ మొక్కు!"

గోపాలం ఉలిక్కిపడి సర్దుకున్నాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది బావా. నీ నోటికి జడిసి ఎవుడూ రాడు."

"మొక్కు తీరకపోతే నాగమ్మ అక్కడ పైన నిలబడే ఉంటాది!" అన్నాడు జగ్గయ్య. అన్న తర్వాత గడ్డం వణికింది. ఆయన గడ్డం వణకడం ఎవరం ఎరగం.

గోపాలం మెత్తబడ్డాడు. "సరే, వస్తాం. దీపం ఎలిగించిన కాణ్ణించి నేను చెప్పేదాకా నువ్వు నోరిప్పకూడదు. ఇప్పితే నీకూ మాకూ ఇంక చెల్లు."

జగ్గయ్య మడమలు కలిపి తల ఊపాడు. అప్పటికప్పుడు నోరు మూసుకుని వెళ్ళిపోయాడు.

భజనకి ముందు మా ఇంటికి వచ్చి, మా ఆవిడ మంగమ్మని వీలైనంత మెల్లగా ఒక మాట అడిగాడు. ఆ మెల్లగా కూడా పక్కింటికి వినబడింది. "అమ్మా! నాగమ్మ మనుషుల్ని ఏమని కూర్చోబెట్టేది?"

మంగమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "కూర్చోండి, దితే తాగి ఎల్దురు గాని. అంతే అన్నయ్యా, ఇంకేటీ లేదు."

"అంతేనా?"

"అంతే."

ఆయన ఇంటి వెనక నిలబడి ఆ మాట సాధన చేయడం మొదలుపెట్టాడు. "కూర్చోండి!" అనగానే మా మేక కట్టుతాడు తెంపుకుని చెరుకులో పడింది. మంగమ్మ నవ్వి నవ్వి, తర్వాత ఎందుకో కళ్ళు తుడుచుకుంది. "భజన అయినాక మనుషులు ఒక్క గంట ఆ ఇంట్లో కూర్చోవాలని ఆయన ఆశంట. అందుకే ఈ తిప్పలు" అంది నాతో.

శనివారం వెళ్ళి చూద్దుం కదా, వాకిటి రాళ్ళన్నిటికీ సున్నం కొట్టి వరసగా నిలబెట్టాడు. దీపస్తంభానికి దారం కట్టి నేల మీద పిండితో గుండ్రం గీశాడు. అరుగు మీద రేకు గ్లాసులు సిపాయిల్లా బారు తీరి ఉన్నాయి. టీ కాయమని మంగమ్మని వంటింట్లో కూర్చోబెట్టాడు. మేం దీపం వెలిగించి పాట ఎత్తుకున్నాం. జగ్గయ్య తలుపు పక్కన కాపలా సిపాయిలా నిలబడ్డాడు.

ఆ రాత్రి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వీరాస్వామి ఎప్పటిలాగే అడుగులన్నీ తప్పు వేశాడు. జగ్గయ్య పెదవి కొరుక్కున్నాడు, కళ్ళు మూసుకున్నాడు, ఒకసారి గోడ వైపు తిరిగిపోయాడు. కానీ నోరు విప్పలేదు. పాట తెగలేదు.

తెల్లవారింది. హారతి ఇచ్చాం, గోవిందలు కొట్టాం. ప్రసాదం కోసం వాకిట్లో ఒకరి పక్కన ఒకరం నిలబడ్డాం. కాళ్ళు పీకుతున్నాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి. వంటింట్లో నుంచి అల్లం వాసన వస్తోంది. ఎదురుగా జగ్గయ్య కోటు బొత్తాలన్నీ పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం ఎంత సంతోషంగా ఉందంటే, దాన్ని చూడటానికి నాకే సిగ్గేసింది.

గోపాలం ఆయన భుజం తట్టాడు. "నాగమ్మ మొక్కు తీరిపోనాది బావా. ఇంక నోరిప్పు. ఏటి చెప్తావో చెప్పు."

జగ్గయ్య మా వరసని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. గొంతు సవరించుకున్నాడు. పెదవులు 'కూ' అన్నట్టు ముందుకి వచ్చాయి. రాత్రంతా మూసి ఉంచిన నోరది. ఎదురుగా తెల్లవారుజామున బారుగా నిలబడ్డ మనుషులు.

"డిస్మిస్!"

మేం కుడివైపుకి తిరిగాం. తిరిగి నడిచాం. గోపాలం కూడా నడిచాడు. వెనక్కి చూడలేదు. చెరుకు దారి మలుపు దాటాక గాని, మా నోట్లో టీ రుచి లేదన్న సంగతి మాకు తెలియలేదు. అప్పుడు ఆగాం. ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నాగమ్మ బతికి ఉంటే వెనకాలే వచ్చి, "కూర్చోమంటన్నారు తమ్ముడూ" అని చెప్పి ఉండేది.

వెనక్కి వెళ్ళచ్చు. కానీ ఒకసారి డిస్మిస్ అయినవాళ్ళు మళ్ళీ ఫాలిన్ అంటేనే వెళ్ళాలి. మేం ఆ పిలుపు కోసం అక్కడే నిలబడ్డాం. చెరుకాకుల మీద చినుకులు మొదలయ్యాయి. ఆ పిలుపు రాలేదు. ఆ నోటిని మళ్ళీ విప్పడానికి ఆయనకి ధైర్యం చాలలేదని ఆ తర్వాత మంగమ్మ చెబితే తెలిసింది. మిగతాది కూడా వంటింటి గుమ్మంలో నుంచి చూసి ఆవిడే చెప్పింది.

మేం వెళ్ళిపోయాక జగ్గయ్య అలాగే నిలబడి ఉన్నాడట. కన్నీళ్ళు మీసంలోకి కారుతున్నా చెయ్యెత్తి తుడుచుకోలేదట. ఎదురుగా ఖాళీ వాకిలి, సున్నం కొట్టిన రాళ్ళు, వాటి నడుమ వీరాస్వామి. మేమంతా కుడికి తిరిగితే వాడు ఎడమకి తిరిగాడు. అందరూ అటు పోతే వాడు ఇటు నడిచి, మళ్ళీ తప్పు వైపు తిరిగి, సరాసరి హవల్దారు ఛాతీకి ఎదురుగా వచ్చి ఆగాడు.

జగ్గయ్య అలవాటుగా వాడి పాదాల వంక చూశాడట. చాలాసేపు చూశాడట. లోపలికి వెళ్ళి టీ గిన్నె తెచ్చి, అరుగు మీదున్న గ్లాసులన్నీ నింపాడు. మా అందరివీ నింపాడు. నింపి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

వీరాస్వామి అరుగు మీద చతికిలబడి ఒక గ్లాసు అందుకున్నాడు. పక్కన చోటు తుడిచి, "కూర్చో మావా" అన్నాడు. "దితే సల్లారిపోతాది."

జగ్గయ్య కూర్చున్నాడట.