బాలప్ప ఒప్పుకున్న గీత

"జలయంత్రమట! సాలోమోను పంతులు బడిల జలయంత్రం కడుతున్నడట. భూమిల నీళ్లు యాడున్నయో సూది చూపిస్తదట!"

వీరేశం సేటు తన దుకాణం అరుగు మీద నిలబడి ఈ మాట అన్నది పొద్దున. పగటాలకల్లా చేవెళ్ల బడి ముందట రైతులు గుమిగూడిండ్రు. బావి ఎండినోళ్లు, బావే లేనోళ్లు, బావితో పనిలేకున్నా గుంపుతో పనున్నోళ్లు. ఒకాయన తన చేను మట్టి ధోతి కొంగున మూటగట్టుకొని వచ్చిండు, యంత్రానికి వాసన చూపిద్దామని.

పాపం, సాలోమోను అన్నది జలయంత్రం కాదు, జల్‌జలా యంత్రం. నిజాం రాజ్యంల మా చదువులన్నీ ఉర్దూల గనుక భూకంపాన్ని ఆయన ఉర్దూలనే జల్‌జలా అన్నడు. సేటు అలవాటు కొద్దీ ఆ మాటను కూడ జర తక్కువ తూచిండు.

ఆ బడిల లెక్కల పంతులును నేను. తెలివి సంగతి దేవుడెరుగు, గొంతు మాత్రం గంపెడు. అరుగెక్కి అరిచిన: "అయ్యలారా, ఇది జలజల యంత్రం కాదు, గడగడ యంత్రం! నీళ్లు పారితే చెప్పదు. నేల వణికితే చెప్తది!"

"నేల వణికితే నాకు తెల్వదా? దానికో యంత్రమా?" అని మట్టి మూటాయన ముక్కు విరిచి, మూట అక్కడనే దులిపి పోయిండు. బడి అరుగు మీద కొంచెం చేను మిగిలింది.

"దూరదేశంల వణికినా చెప్తదన్నా," అన్నడు సాలోమోను నా వెనుక నుంచి. వినేటందుకు అప్పటికి నేను తప్ప ఎవలూ మిగలలేదు.

సాలోమోనుది మొయినాబాదు పక్కన చిన్న మంగళారం అనే ఊరు. తండ్రి కూలిమనిషి. కొడుకు మిషన్ బడిల చదివి, పట్నంల పరీక్షలు గెలిచి, సైన్సు పంతులై మా దగ్గరికి వచ్చిండు. వాళ్లింట్ల కోటు తొడిగిన మొదటి మనిషి ఆయననే. ఎండాకాలం కూడ విప్పకపోయేది. "అది కోటు కాదురా, కోట. పంతులు లోపల దాక్కున్నడు," అని నేనంటే నవ్వి ఊరుకునేటోడు.

సైన్సు పంతులైతే ఉన్నడు, సైన్సు గది లేదు. ఉన్న ఒక్క ఖాళీ గదిల తనిఖీకి వచ్చే సాహెబుల గుర్రాలకు గడ్డి వేసేటోళ్లు. "ప్రయోగశాల అయితేంది, గుర్రపుశాల అయితేంది, రెంటికీ శాల ఉన్నది గద," అని నేను ఎకసెక్కాలాడేటోణ్ని. సాలోమోనుకు అది ఎకసెక్కం కాదు. గది దొరికితే పై తరగతికి సైన్సు వస్తది. లేకుంటే పిల్లలు సైన్సు కోసం పట్నం పోవాలె, పోలేనోళ్లు ఎడ్ల వెంట పోవాలె.

దసరా ముందట ఇన్‌స్పెక్టర్ సాహెబ్ వస్తే, సాలోమోను ధైర్యం కూడగట్టుకొని గది అడిగిండు.

"గదిల ఏం చేస్తవు?" అన్నడు సాహెబ్.

"జల్‌జలా యంత్రం కడత హుజూర్. పిల్లలకు కండ్లతోని చూపిస్త."

సాహెబ్ మంచోడే. కాని మంచితనానికి కూడ సాక్ష్యం అడిగే ఉద్యోగం ఆయనది. "సరే, గడ్డి తీయించు. రంజాన్ పోయినంక మళ్లొస్త. నిజమైన జల్‌జలా గీత ఒక్కటి చూపించు, గది నీకు రాసిస్త. లేకుంటే గడ్డి మళ్ల లోపటికొస్తది."

ఇగ ఆ మనిషికి నిద్ర పోయింది, ఆకలి పోయింది, కోటు మీద ఇస్త్రీ పోయింది. గోడల ఇనుప కమ్మీ దిగ్గొట్టి, దానికి వాకిలి రెక్క తిరిగినట్టు తిరిగే కర్ర బిగించిండు. కర్ర కొసకు బరువు కావాలె. వీరేశం సేటు దగ్గర తూకానికి వాడే మణుగురాయి పగిలింది ఉంటే అడిగి తెచ్చిండు. "జలం లేదంటివి, నా రాయెందుకు?" అని సేటు గొణిగిండు గాని ఇచ్చిండు. బరువు ముందట సన్నని సూది. సూది ముందట గుండ్రటి బిస్కెట్ల డబ్బా, దాని చుట్టూ దీపం పొగకు నల్లగ మసి పట్టించిన నున్నటి కాగితం. ఆ డబ్బాను మెల్లగ తిప్పేటందుకు గడియారం యంత్రం. అది సాలోమోను పెండ్లికి మిషన్ దొరసాని ఇచ్చిన గోడ గడియారం. ఇల్లాలు విమలమ్మ వారం దినాలు మాట్లాడలేదు. నేను పోయి "ఏం చెల్లే, ఎట్లున్నవు?" అంటే, "మా ఇంట్ల టైము లేదన్నా," అన్నది. ఎకసెక్కానికి ఎకసెక్కం తగిలినట్టయి నేనే నోరు మూసుకున్న.

"నేల కదిలితే గోడ కదులుతది, డబ్బా కదులుతది. బరువు మాత్రం బద్ధకంతోని ఉన్న తాన్నే ఉంటది. ఆ తేడానే సూది మసి మీద గీస్తది," అని సాలోమోను పిల్లలకు చెప్పిండు.

"మన బడిల బద్ధకాన్ని పనికి పెట్టుకున్నది ఇదే మొదలు కాదు," అన్న నేను. హెడ్ మాస్టర్ నాదిక్కు గుర్రుగ చూసిండు.

యంత్రం బాగనే పని చేసింది. చిక్కేందంటే మరీ బాగ పని చేసింది. బడి ముందట బీజాపూర్ సడక్. బండలబండి పోతే గీత. ఎడ్లు బెదిరితే గీత. సంత నాడైతే కాగితం నిండ పిచ్చి గీతలు. నున్నటి కాగితం దొరకడం కష్టం గనుక, పొద్దున్నే సాలోమోను గీతలు చూసి, పనికిరానిదైతే మసి తుడిచి అదే కాగితానికి కొత్త మసి పట్టించేటోడు. పనికొచ్చేది పడితే లక్క నీళ్లు పోసి ఆరబెట్టాలె, అప్పుడు చెరగదు. లక్క సీసా మూత తీసే భాగ్యం ఇంకా రాలేదు.

దినం తప్పకుండ ఆయన కాగితం పట్టుకొని సడక్ మీదికి వచ్చేటోడు. ఎదురుంగ చింతకింద బండోళ్లు చుట్టలు తాగుతుండేటోళ్లు.

"ఈ గీత ఎవలది? నిన్న పొద్దుగూకేటాలకు బండి ఉరికిచ్చినోడు ఎవడు?"

బండోళ్లల్ల పెద్దాయన బాలప్ప. మొయినాబాదు నుంచి చేవెళ్లకు, చేవెళ్ల నుంచి షాబాదుకు సరుకు తోలేటోడు. చుట్ట పారేసి, లేసి, చేతులు కట్టుకునేటోడు.

"నాదే అయ్యా, బాంచెన్. తప్పయింది."

"మెల్లగ పొమ్మంటే అర్థం కాదా?"

"ఇగ మెల్లగ పోత అయ్యా."

మరునాడు మళ్ల గీత. మళ్ల బాలప్ప. "ఏం బాలప్పా, నీ బండికి ఎన్ని చక్రాలున్నయి? చేవెళ్ల గీతలన్నీ నీ తలగీతనే అయితున్నయి," అని నేను నవ్వేటోణ్ని. బాలప్ప కూడ నవ్వేటోడు. సాలోమోను నవ్వకపోయేది. రంజాన్ ఒడవొస్తున్నది, సాహెబ్ రాకడ దగ్గరికొస్తున్నది.

పందొమ్మిది వందల ముప్పై నాలుగు జనవరి అది. రంజాన్ నెల గనుక బడి ఒంటిపూట. పగటాలకు తాళం వేసి ఎవలిండ్లకు వాళ్లం పోయినం. తెల్లారి సాలోమోను నన్ను చేయి పట్టి గదిలకు గుంజుకపోయిండు.

"చూడన్నా. గిట్లాంటిది నేనెన్నడు చూడలేదు."

బండి గీత ఎట్లుంటదో నాకు కూడ ఎరుకైంది అప్పటికి. దువ్వెన పండ్ల లెక్క కురచగ, గజిబిజిగ ఉంటది. ఇది అట్ల లేదు. సన్నగ మొదలై, మెల్లగ ఉబ్బి, చెరువుల అల లెక్క చానాసేపు ఊగి, ఊగి, సన్నగనే ఆగిపోయింది.

"అదేనా?" అన్న. నాకు ఒక్క ఎకసెక్కం కూడ తోచలేదు.

"అదే అనిపిస్తున్నది. కని అనిపిస్తే సరిపోదు. సాహెబ్ అడుగుతడు. అడిగి రావాలె."

మంచి సైన్సు పంతులు గనుకనే అడిగేటందుకు పోయిండు. ఆ అడుగుడే మా కొంప ముంచింది. ఆత్రంతోని గొంతు గట్టిగైంది. చింతకింద నిలబడి అడిగిండు: "నిన్న పగటాల తర్వాత ఇది ఎవని పని? నిజం చెప్పాలె. ఎవడు?"

బండోళ్లు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. బాలప్ప లేసిండు.

"నాదే అయ్యా."

"ఇది చానాసేపు ఊగింది బాలప్పా. బండి పోతే ఇంతసేపు ఊగదు."

"పోలేదయ్యా, దిగబడ్డది. గీ బడి ముందట గుంతల చక్రం కూరుకపోయింది. బండలు నిండుగున్నయి. ఎడ్లు ముందటికి గుంజుడు, బండి వెనకకు ఒరుగుడు, చానాసేపు గట్లనే ఊగింది. తప్పయింది, బాంచెన్."

సాలోమోను కాగితం దిక్కు చూసిండు, గుంత దిక్కు చూసిండు. ముందటికి గుంజుడు, వెనకకు ఒరుగుడు. గీత కూడ గట్లనే ఉన్నది. ఇంత సక్కగ కుదిరిన మాటను ఎవలు కాదంటరు? లోపటికి పోయి పాతగుడ్డతోని మసి తుడిచిండు. నేను పక్కనే నిలబడి చూసిన. తుడిచిన చెయ్యి నల్లగైంది, మొఖం తెల్లగైంది.

వారం లోపల వీరేశం సేటు దుకాణానికి పట్నం నుంచి పత్రిక వచ్చింది. బిహారుల భూకంపం. పగటి పూట రెండు దాటినంక. ఊర్లకు ఊర్లే కూలినయి, మనుషులు వేలమంది సచ్చిండ్రు. సేటు గట్టిగ చదువుతుంటే సాలోమోను ఉప్పు పొట్లం పట్టుకొని నిలబడి విన్నడు. తారీఖు మళ్ల చదవమన్నడు. సేటు మళ్ల చదివిండు. గీత పడ్డ దినమే. పొట్లం అక్కడనే మరిచి బడికి వచ్చిండు.

రంజాన్ పోయింది, సాహెబ్ వచ్చిండు. హెడ్ మాస్టర్, సేటు, ఊరి పెద్దలు, సడక్ మీది బండోళ్లు, అందరు గది ముందట పోగైనరు. డబ్బా మీద కాగితం నున్నగ, నల్లగ ఉన్నది.

"బిహార్ జల్‌జలా దీనికి తెల్వదా?" అన్నడు సాహెబ్.

"తెలిసింది హుజూర్. గీసింది. నేనే తుడిచిన. బండి గీత అనుకున్న."

"ఎందుకనుకున్నవు?"

సాలోమోను బాలప్ప పేరు చెప్పుడు ఇష్టం లేక తల వంచుకున్నడు. అప్పుడు గుంపులకెళ్లి బాలప్పనే ముందటికి వచ్చిండు.

"నేను ఒప్పుకున్న హుజూర్. కని ఆ దినం నా బండి చేవెళ్లలనే లేదు. షాబాదు తొవ్వల ఉన్నది."

"లేకుంటే ఉన్నదని ఎందుకన్నవు?"

"అయ్యగారు అడిగిండు గద." బాలప్పకు ఆ ప్రశ్ననే వింతగున్నది. "కోటు తొడిగినోళ్లు ఎవడని అడిగితే మా అందర్ల పెద్దోడు నేనే అంటడు. ఇది మా బండోళ్ల కట్టుబాటు. తిట్లో దెబ్బలో ఒక్కని మీద పడి పోతయి. పిల్లగాండ్ల మీదికి రావద్దని. ఒప్పుకునేదాంక ఎవలు ఇడిసిపెడతరు హుజూర్? జర నమ్మేటట్టు చెప్తే తొందరగ ఇడుస్తరు. గందుకే గుంత ముచ్చట కలిపిన."

"అయితే ఇంతకుముందటి గీతలు?" అన్న నేను.

"కొన్ని నావే. కొన్ని ఎవలియో, నాకేమెరుక?" అని సాలోమోను దిక్కు తిరిగిండు. "గీత పడితే నీకు కోపమొస్తదని ఎరుక గాని, సంతోషమొస్తదని మాకెవలు చెప్పిండ్రయ్యా?"

ఎవలం చెప్పలేదు. సాలోమోను పిల్లలకు చెప్పిండు, సాహెబుకు చెప్పిండు. చింతకిందికి మాత్రం అడిగేటందుకే పోయిండు.

సాహెబ్ డబ్బా మీది కాగితాన్ని వేలితోని చూపించిండు. "నేను నిన్ను నమ్ముత పంతులూ. పైవాళ్లకు పంపేటందుకు కాగితం కావాలె గద," అన్నడు. ఆ సాయంత్రమే గడ్డి బండి తోలుకరమ్మని చెప్పి పోయిండు.

గుంపు కదలలేదు. సాలోమోను బాలప్ప పక్కన అరుగు మీద కూలబడ్డడు.

"మంగళారంల మా బాపు కూడ గిట్లనే ఒప్పుకునేటోడు. చెయ్యనియి కూడ. నేను చూసుకుంట పెరిగిన. నాకు ముందుగాల్నే తెలిసుండాలె పెద్దయ్యా. నీకు కాదు, నాకు తెలిసుండాలె."

"గా గీత ఇంకోపాలి రాదా అయ్యా?"

"వస్తది. కని యాడనో ఇండ్లు కూలితెనే వస్తది. రావాలని ఎట్ల కోరుకోను?"

బాలప్ప తలగుడ్డ తీసి మొఖం తుడుచుకున్నడు. వెనుకున్నోళ్లు తమకు వినబడలేదని, ఏమైందో చెప్పుమన్నరు. నేను లేసి నిలబడి, నేల యాడ వణికిందో, సూది ఏం గీసిందో, బాలప్ప ఎందుకు ఒప్పుకున్నడో, ఈసారి చింతకిందోళ్లకు కూడ వినబడేటట్టు, మొదటి నుంచి అందరికి చెప్పిన.