జీరమ్మ పాటలో ఆ ఒక్క చోటు

"అక్క టికెట్ ఉంది బావగారూ. ఎప్పుడో కొన్నాం. మీరొస్తారా, ఎవరికైనా ఇచ్చేయనా?" అని మా మరదలు ఫోన్ చేసినప్పుడు వెంటనే వస్తానన్నాను. "నిజంగానా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. నేను కచేరీలకు వెళ్ళే మనిషిని కాదని ఆమెకు తెలుసు.

నా భార్య పోయి అప్పటికి మూడు నెలలు దాటింది. ఆ టికెట్ ఒక గాయని కచేరీది. ఆవిడ కచేరీ పెట్టినప్పుడల్లా అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి వెళ్ళేవారు. ఆవిడది జీరగొంతు. అందుకని అందరూ జీరమ్మ అనే పిలుస్తారు. ఇష్టమున్నవాళ్ళు ముద్దుగా, లేనివాళ్ళు వెటకారంగా. మా స్కూలు స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు, గరుకు కాగితంతో బల్ల రుద్దినట్టుంటుందనేవాడు. డ్రిల్లు మాస్టారు ఆ గొంతంటే చెవి కోసుకునేవాడు. "రెండూ కోసుకో, వినే బాధ తప్పుతుంది" అని లెక్కల మాస్టారు అందించేవాడు. నేను ఎటూ మాట్లాడేవాణ్ణి కాదు. నాకు ఆ గొంతు మా ఇంట్లో వినిపించే చప్పుళ్ళలో ఒకటి, కుళాయి చప్పుడులాగా.

చివరి రోజుల్లో మాత్రం విన్నాను. నా భార్య ఫోను దిండు పక్కన పెట్టించుకుని ఒకే పాట వేయించుకునేది. మూడో చరణం చివర ఆ గొంతు మెల్లగా పైకి ఎక్కి ఎక్కి, ఒక స్వరం మీద చాలాసేపు నిలబడుతుంది. అక్కడికి రాగానే తను కళ్ళు మూసుకుని దుప్పటి అంచు గట్టిగా పట్టుకునేది. పెదవులు కొద్దిగా విడివడేవి. నేను పక్కనే కూర్చుని ఏమీ అడగలేదు. అడిగితే వినడానికి అడ్డొస్తాననుకున్నాను.

ఆ చోటు ఒక్కసారి ఎదురుగా కూర్చుని, తొణకకుండా బెణకకుండా వినాలి. నేను వెళ్ళింది అందుకే.

మరదలు కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఆదివారం సాయంత్రం షాపు నుంచి తిన్నగా హాలుకు వచ్చింది. మా సీట్లు మధ్య వరసలో. వెనక సీట్లలో భార్యాభర్తలిద్దరు తెర తీయకముందే మొదలుపెట్టారు.

"రికార్డులో మెషీన్లు పెట్టి సాపు చేస్తారు. ఎదురుగా వింటే బయటపడుతుంది బండారం," అన్నాడాయన.

"తెలిసీ ఎందుకొచ్చారు?"

"నువ్వు లాక్కొస్తే వచ్చాను."

"వచ్చారుగా, నోరు మూసుకుని వినండి."

"ముందు ఆవిణ్ణి మూసుకోమను, నేనూ మూసుకుంటా."

చుట్టూ నవ్వారు. మరదలు వెనక్కి తిరిగి, "చూపుకైతే మా షాపుకి రండి సార్. చెవులకి మేం ఏం అమ్మం," అంది. ఆయన కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎవరో మా ఇంటి మనిషిని అన్నట్టుంది.

జీరమ్మ వచ్చింది. పొట్టి మనిషి. మైకు కర్ర కిందికి దించడానికి ఒకతను రావలసివచ్చింది. ఎదురుగా ఆ గొంతు రికార్డులో కంటే గరుకుగా ఉంది. కొన్ని మాటల చివర్లు గాలిగా మారి వినిపించకుండా పోయాయి. వెనకాయన "చెప్పానా" అంటున్నాడు, ఆయన భార్య "ష్" అంటోంది. నాలుగైదు పాటల తర్వాత మా పాట వచ్చింది. నేను వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను.

మూడో చరణం చివరికి వచ్చి జీరమ్మ మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. పెదవులు కదలలేదు. అదే క్షణంలో వెనక నుంచి ఎవరో ఆ స్వరాన్ని మూలిగినట్టుగా ఎత్తుకున్నారు. పక్క నుంచి ఇంకొకరు, శ్రుతీ పాడూ లేకుండా. తర్వాత ఎడమ వైపు నుంచి కొందరు, లేచి నిలబడి మరీ. క్లాసులో పద్యం అప్పజెప్పే పిల్ల మధ్యలో మరిచిపోయి నిలబడితే వెనక బెంచీల నుంచి సరిగ్గా ఇలాంటి కూనిరాగమే బయల్దేరుతుంది. నా ఉద్యోగమంతా విన్న చప్పుడది. దానికి నాకు ఒక్కటే అర్థం తెలుసు.

పక్కన మరదలు లేచి నిలబడింది. నోరు తెరిచింది. ఆమెకూ కోపం వచ్చిందనుకున్నాను. ఆ ధైర్యంతో నేనూ లేచాను.

"నిశ్శబ్దం!" అన్నాను. "ఎవరది? సిగ్గు లేదూ? కూర్చోండి అందరూ. ఆవిణ్ణి పాడనివ్వండి!"

నా గొంతుకు మైకు అక్కర్లేదు. మైదానం అవతలి గోడ దగ్గర నిలబడ్డ పిల్లవాడు కూడా ఉలిక్కిపడతాడు. హాలంతా నోరు మూసుకుంది. నిలబడ్డవాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు కూడా, కూర్చున్నారు.

డ్రమ్స్ వాయించే ఆయన అదే దరువు తిప్పి తిప్పి వాయిస్తూ జీరమ్మ వంక చూశాడు. ఆవిడ చీకట్లోకి చూసింది. తర్వాత అడుగు ముందుకు వేసి పాడింది. గొంతు పైకి ఎక్కింది. నిలబడవలసిన చోట చీలిపోయింది. ఆవిడ వదలకుండా మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ చీలింది. చివరికి గాలి మాత్రమే వచ్చింది. కిందికి దిగి, పల్లవి ఒకసారి అనేసి, పాట ముగించింది. చప్పట్లు కొట్టారు, ఆస్పత్రి వరండాలో మాట్లాడుకున్నట్టు, తగ్గించి.

మరదలు ఎప్పుడు కూర్చుందో నేను చూడలేదు. తను నా వంక చూడడం లేదని మాత్రం తెలిసింది.

విరామంలో కాఫీ బల్ల దగ్గర వెనక సీటాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"మీరు మాస్టారేనా? అనుకున్నా. మీరు అరవగానే నా చేతులు వాటంతటవే కట్టుకున్నాయి సార్! మంచి పని చేశారు. డబ్బులు పుచ్చుకుని జనం చేత పాడించుకోవడమేమిటండీ, హోటలుకెళ్తే మన చేత కూరలు తరిగించినట్టు. ఇవాళ మీ పుణ్యమా అని సొంతంగా పాడింది, రంగు బయటపడింది. కాఫీ నాది, తాగండి."

"పాడించుకోవడమేమిటి?" అన్నాను.

ఆయన భార్య ఆయన్ని పక్కకు నెట్టింది. "నిజంగా తెలీదా మాస్టారూ? కావాలనే చేశారనుకుని నాలుగు దులిపేద్దామని వచ్చా," అంది. నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఆవిడకి గొంతు ఆపరేషన్ అయిందండీ. అప్పట్నుంచీ ఆ పైది అందదు. ఆ తర్వాత మొదటి కచేరీలో సరిగ్గా అక్కడికొచ్చి ఆగిపోయిందట. ముందు వరసలో ఎవరో అందుకున్నారు. చూస్తుండగానే హాలంతా అందుకుంది. ఇంక ఎక్కడ పాడినా అంతే. ఆవిడ అడుగు వెనక్కేస్తుంది, మేం పాడతాం. ఇంట్లో నోరెత్తని వాళ్ళు కూడా అక్కడ ఎత్తుతారు. అది మా వంతండీ."

"నువ్వు ఇంట్లో నోరెత్తకపోవడమా!" అన్నాడాయన.

"మీరాగండి."

కప్పు చేతిలో కాలుతున్నా దించడం తోచలేదు. వరండాలో గుంపులు గుంపులుగా మాట్లాడుకుంటున్నారు, ఈసారి జీరమ్మ గురించి కాదు. "బాగా గడ్డి పెట్టాడు" అన్నారు ఒకవైపు. "ఎవడండీ ఆ పెద్దమనిషి, హాలు వాడి క్లాసనుకున్నాడా?" అన్నారు మరోవైపు. తిట్టినవాళ్ళ మాట కంటే మెచ్చుకున్నవాళ్ళ మాటే ఎక్కువ గుచ్చుకుంది. నా వైపు నిలబడ్డవాళ్ళందరూ ఆ గొంతంటే గిట్టనివాళ్ళే.

మరదలు దూరంగా కిటికీ దగ్గర ఉంది. ఎవరితోనూ రానట్టు ఒక్కతే నిలబడింది. దగ్గరికి వెళ్ళాను.

"అక్క మీకు చెప్పలేదా?" అంది.

"కచేరీకి వెళ్తున్నానని చెప్పేది. వినడానికనుకున్నాను."

"వినడానికైతే ఇంట్లోనే వినొచ్చుగా బావగారూ. మేం వచ్చేదే ఆ ఒక్క చోటుకి. అక్కయితే కళ్ళు గట్టిగా మూసుకుని, మెడ నరాలు పైకి తేలేలా..." నవ్వు వచ్చింది ఆమెకు. అది సగంలోనే ఆగింది. "ఎంత ఘోరంగా పాడేదో! నేనూ అంతేలెండి. ఇవాళ ఇద్దరి వంతూ నేనే పాడదామనుకున్నా."

కచేరీ మర్నాడు నా భార్య గొంతు పూడుకుపోయేది. చల్లనీళ్ళు తాగావా అని అడిగేవాణ్ణి. ఆఁ అనేది. గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు కలిపి ఇచ్చి, ఈ వయసులో ఆరోగ్యం ఎలా చూసుకోవాలో నాలుగు మాటలు చెప్పేవాణ్ణి. తను గోడవైపు తిరిగి పుక్కిలించేది. మంచం మీద దుప్పటి అంచు పట్టుకుని, పెదవులు విప్పి, తను ఏం చేస్తుండేదో ఆ కిటికీ దగ్గర తెలిసింది. పక్కనే కూర్చున్నవాణ్ణి నేను.

"ఆ పాట మళ్ళీ పాడతారా?"

"ఒకసారే. ఎప్పుడూ ఒకసారే."

"వెళ్ళిపోదామా?"

"టికెట్ కొన్నాం. కూర్చోండి," అంది, మొండికేసిన కస్టమర్‌తో చెప్పినట్టు.

తర్వాతి పాటలు నేను తల వంచుకుని విన్నాను. ఏ పాటకూ ఎవరూ గొంతు కలపలేదు. ఒకచోట జీరమ్మ చెయ్యి చాపి రమ్మన్నట్టు పిలిచింది. మా వరసలో ఇద్దరు ముగ్గురు ముందు నా వంక చూసి, తర్వాత వేదిక వంక చూశారు. ఎవరూ నోరు విప్పలేదు.

కచేరీ అయ్యాక నేను హాలు వెనక గుమ్మం వైపు నడిచాను. మరదలు ఎక్కడికని అడగకుండా వెంట వచ్చింది. జీరమ్మ మెడకు తువ్వాలు చుట్టుకుని కుర్చీలో కూర్చుని ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు తాగుతోంది. చెప్పవలసినది దారిలో కూడబలుక్కున్నాను. అక్కడికి వెళ్ళేసరికి ఒక్క ముక్కే మిగిలింది.

"ఇందాక అరిచింది నేనండీ. తెలియక అరిచాను. క్షమించండి."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "పగిలింది కదూ?" అంది. మాట్లాడేటప్పుడు ఆ గొంతు ఇంకా సన్నం.

లేదని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. "పగిలిందండీ," అన్నాను.

"ఊఁ." మూతలో నీళ్ళు అటూ ఇటూ తిప్పింది. "కోపం లేదండీ. ఆవిణ్ణి పాడనివ్వండన్నారు, మంచికే అన్నారు. కానీ భయమేసింది. ఆపరేషన్ అయ్యాక కట్టు విప్పి, ఏదీ ఒక మాట అనండి అన్నారే, అప్పటంత భయం."

ఉన్నది చెప్పాను. "నా భార్య వచ్చేదండీ ప్రతిసారీ. తనూ పాడేదట. మూడు నెలల క్రితం పోయింది. నాకు ఇవాళే తెలిసింది."

"అయ్యో." ఆవిడ మూత కింద పెట్టింది. "లైట్ల వల్ల నాకు ముఖాలు కనిపించవు. ఏ పక్క నుంచి వస్తోందో మాత్రం తెలుస్తుంది. ఎక్కడ నిలబడేవారు మీ ఆవిడ?"

ఇంత చిన్న ప్రశ్నకు జవాబు తెలియక నిలబడ్డ పిల్లల్ని నేను చాలామందిని చూశాను. మరదలి వైపు తిరిగాను.

"కుడిపక్క తలుపు దగ్గరండీ," అంది మరదలు. "సీట్లున్నా ఆ పాటకి లేచి అక్కడికి పోయేవాళ్ళం. మధ్యలో పాడితే పక్కవాళ్ళు వింటారని అక్కకి సిగ్గు. ఇవాళ బావగారున్నారని నేను కదల్లేదు."

"తలుపు పక్క." ఆవిడ ఆ మాట మళ్ళీ అనుకుంది. "ఇక్కడ పాడతావామ్మా? నేను వింటాను," అంది.

మరదలు ఊపిరి తీసుకుంది. నోరు తెరిచింది కూడా. ఏమీ రాలేదు. తల అడ్డంగా ఊపింది. "ఒక్కదాన్నే రాదండీ. హాలుండాలి."

"అవును," అంది జీరమ్మ. "నాకూ అంతే."

వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

"పదండి బావగారూ, బస్సు పోతుంది," అంది మరదలు. ఆమె ముందు నడిచింది. పక్కన నడవడానికి ముఖం చెల్లక నేను కొంచెం వెనకగా నడిచాను.