హ్యాండిల్ చుట్టిన గుడ్డ

కిషోర్ బాబుకి యాభై రెండో ఏట కారు పిచ్చి పట్టింది. కొత్త కారు పిచ్చయితే భార్య పద్మ సంతోషించేదేమో. పట్టింది తండ్రి శ్రీరాములు గారు వాడిన ఇటలీ బండి మీద. అరవై రెండు మోడల్ ఫియట్. పెద్దాయన పోయిన పద్దెనిమిదేళ్ళ నుంచీ అది ఇంటి వెనక మామిడికాయల షెడ్డులో, వరిగడ్డి మోపులకీ ఖాళీ ట్రేలకీ మధ్య, ఇటుకల మీద కూర్చుని ఉంది.

శివరాత్రి వెళ్ళాక మొదలుపెట్టాడు. ఫోనులో వీడియోలు చూడటం, ఉప్పుకాగితంతో తుప్పు గీకడం, పుట్టీ పెట్టడం, మళ్ళీ గీకడం. నూజివీడులో తక్కిన వ్యాపారులంతా తోటల్లో పూత చూసుకుంటుంటే ఈయన గారు కారు కింద పడుకున్నాడు.

"మీ నాన్నగారు బతికుండగా మీరు ఒక్కరోజైనా దాన్ని తుడిచారా?" అంది పద్మ.

"అప్పుడు నాకు విలువ తెలీదే."

"ఇప్పుడు తెలిసిందన్నమాట" అని ఆమె కాఫీ గ్లాసు బానెట్ మీద పెట్టబోతే ఇంతెత్తున లేచాడు.

మనిషి చెడ్డవాడు కాదు. ముక్కు మీద కోపం, దానికి తోడు అనుమానం. కాయల వ్యాపారంలో అనుమానం తప్పదని అతని నమ్మకం. సాయంత్రం కూలీలు ఇంటికెళ్ళేటప్పుడు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆడవాళ్ళు ఒడి దులపాలి, మగవాళ్ళు లుంగీ మడత విప్పి దులపాలి. రెండు కాయలు దాచుకున్నారేమో చూడటం ఆ షెడ్డులో మొదటి నుంచీ ఉన్న పద్ధతే. ఒక్క పెద్దిరాజుకి మాత్రం ఆ పద్ధతి లేదు. ఆగిరిపల్లి నుంచి నలభై ఏళ్ళుగా పనికొస్తున్న మనిషి. "రాజు దులపక్కర్లేదు" అని శ్రీరాములు గారే చెప్పారు. ఆయన పోయినా ఆ మాట అలాగే నడుస్తోంది.

మొదటి లోడు లారీకెక్కే రోజున ఫియట్ సొంతంగా గేటు దాటాలని కిషోర్ బాబు పంతం. వ్యాపారులందరినీ అప్పుడే పిలిచేశాడు కూడా. ఇంజన్ చూడటానికి హనుమాన్ జంక్షన్ నుంచి మెకానిక్ మనోజ్‌ని రమ్మని ఫోన్ చేస్తే, అతను ఒకటే అడిగాడు.

"ముందు నుంచి దూర్చి తిప్పే హ్యాండిల్ ఉండాలండీ దానికి. ఉందా?"

డిక్కీలో లేదు. సీట్ల కింద లేదు. షెడ్డంతా తిరగేసినా లేదు. గడ్డి పరుస్తున్న ఒకావిడ, "వంకర ఇనపకడ్డీయేనా అండీ? పెద్దిరాజు బాబాయి చంకలో పెట్టుకెళ్తుంటే చూశాను" అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది కిషోర్ బాబుకి. ఆ సాయంత్రం గేటు దగ్గర ఇరవై మంది వరసలో ఉండగా పెద్దిరాజుని ఆపాడు.

"కారు హ్యాండిల్ నీ దగ్గరుందా?"

"ఉందండీ. ఇంటికాడ ఉంది. అదేంటంటే బాబూ..."

"ఏంటి చెప్తావు? నాన్నగారు నిన్ను దులపొద్దన్నది ఇందుకా? నమ్మినందుకు మా ఇంటి సామాను పాత ఇనప కొట్టుకి తోలేస్తావా? దులుపు."

పెద్దిరాజు అరవై ఆరేళ్ళ మనిషి. లుంగీ మడత విప్పి దులిపాడు. బీడీ కట్ట, అగ్గిపెట్టె కింద పడ్డాయి. అవి ఏరుకుని ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు పనికి రాలేదు.

ఆ పొద్దునే మనోజ్ వచ్చాడు. ప్లగ్గులు విప్పి టార్చి వేసి చూశాడు. ఇంజన్ ముందున్న కప్పీ నట్టుకి స్పానర్ తగిలించి తిప్పితే ఇంజన్ మెత్తగా తిరిగింది.

"చూశావా, మా నాన్నగారి చెయ్యి అలాంటిది" అన్నాడు కిషోర్ బాబు.

"పద్దెనిమిదేళ్ళు ఊరికే నిలబెట్టిన ఇంజన్ రాయిలా పట్టేసుకుపోతుందండీ. దీన్ని ఎవరో వారం వారం తిప్పుతున్నారు. ప్లగ్గుల బెజ్జాల్లో నూనె చుక్కలు కూడా పోస్తున్నారు, ఇదిగోండి, తడి. ఎవరా పుణ్యాత్ముడు?"

ఆ క్షణానే కిషోర్ బాబుకి సగం అర్థమైంది. మిగతా సగం పదింటికి వెంకాయమ్మ చంకలో పెట్టుకుని వచ్చింది. ఆమె పెద్దిరాజు భార్య.

"ఇదిగోండి బాబూ, మీ సొత్తు."

పాత తెల్లగుడ్డ విప్పితే హ్యాండిల్. ఎక్కడా తుప్పు చుక్క లేదు. పట్టుకునే చోట అరిగి మెరుస్తోంది.

"పెద్దాయన మంచం మీదుండగా మా ఆయన్ని పిలిచి, ఇంజను పట్టెయ్యకుండా చూడు రాజూ అన్నారంటండీ. ప్రతి శుక్రవారం మీరు లేవకముందే వచ్చి తిప్పేవాడు. జ్వరమొచ్చినా మానలేదు. జాకీ ఎవరో ఎత్తుకుపోయిన ఏడు, ఇది కూడా పోద్దని ఇంటికి తెచ్చి దాచాడు. ఆ గుడ్డ కూడా పెద్దాయన పంచె ముక్కే."

"నాకు ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్పనిచ్చారా అండీ?"

తల కొట్టేసినట్టయింది అతనికి. తండ్రి తనని కాదని ఆ మాట పెద్దిరాజుకి ఎందుకు చెప్పాడో కూడా తెలిసొచ్చింది. ఆ రోజుల్లో తను కారు వైపు తిరిగి చూసింది లేదు.

మధ్యాహ్నం బండేసుకుని ఆగిరిపల్లి వెళ్ళాడు. పెద్దిరాజు గుమ్మంలో కూర్చుని, కాయలు కోసే చిక్కానికి తెగిన వల అల్లుతున్నాడు. లేవబోతే వద్దన్నాడు.

"తప్పయిపోయింది పెద్దిరాజూ."

"పర్లేదు బాబూ. కూర్చోండి."

వెంకాయమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. ఇచ్చి, నెమ్మదిగానే అంది. "నలుగురిలో అన్న మాట బాబూ. ఈ గుమ్మంలో తుడిస్తే పోదు. అక్కడ పనిచేసేవాళ్ళంతా ఈయన్ని దొంగనే అనుకుంటున్నారు."

"మొదటి లోడు రోజు అందరి ముందూ చెప్తాను. ఒట్టు."

ఆ వారమంతా అద్దం ముందు నిలబడి ఆ నాలుగు ముక్కలూ వల్లె వేసుకున్నాడు. పద్మ విని, "బాగానే ఉంది, మింగెయ్యకుండా చెప్పండి" అంది.

ఆ రోజు రానే వచ్చింది. షెడ్డు నిండా జనం. లేత నీలం రంగు ఫియట్‌కి బంతిపూల దండ. పెద్దిరాజు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు, వెంకాయమ్మ ఆడకూలీల మధ్య నిలబడింది. పెద్దిరాజు బంపర్ కింద హ్యాండిల్ దూర్చి, అది వెనక్కి తన్నితే బొటనవేలు విరక్కుండా వేళ్ళన్నీ ఒకే పక్కకి పెట్టి పట్టుకున్నాడు. మూడో తిప్పుకి ఇంజన్ అందుకుంది. చప్పట్లు కొట్టారు.

"శభాష్ కిషోర్ బాబూ. ఒంటి చేత్తో ప్రాణం పోశావయ్యా" అన్నాడు ఓ పెద్ద వ్యాపారి, భుజం తడుతూ.

చెప్పాల్సింది ఆ క్షణానే. ఇంతమంది ముందు కూలివాణ్ణి దొంగన్నానని, తప్పు నాదని చెప్పాలంటే నాలుక మడత పడింది. ఆ నాలుక మీద నుంచి ఇంకో మాట జారింది. "ఏదో, ఓపిక ఉండాలండీ."

వెంకాయమ్మ తల దించుకుంది. పద్మ అతన్ని ఒక్క చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. కొబ్బరికాయ కొట్టాక చెబుదామనుకున్నాడు. లారీ కదిలాక, కాఫీలు అయ్యాక. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మాట లోపలే ఉండిపోయింది.

సాయంత్రం గేటు దగ్గర కుర్చీ వేసి ఉంది. కూలీలు వరస కట్టారు. వీళ్ళ ముందే కదా అన్నది, వీళ్ళకైనా చెబుదామని కిషోర్ బాబు గబగబా వెళ్ళాడు. వరసలో అందరికంటే ముందు పెద్దిరాజు ఉన్నాడు. కిషోర్ బాబు ఇంకా చేరకముందే లుంగీ మడత విప్పాడు.

"నువ్వు దులపక్కర్లేదు పెద్దిరాజూ" అన్నాడు కిషోర్ బాబు. ఆ మాట కూడా పక్కవాళ్ళకి వినపడనంత మెల్లగా వచ్చింది.

"అందరూ దులుపుతున్నారు గదండీ" అని పెద్దిరాజు శుభ్రంగా దులిపాడు.

బీడీ కట్ట పడింది. దాంతోపాటు పొద్దున హ్యాండిల్ తిప్పి చేతులు తుడుచుకున్న పంచె ముక్క పడింది. పెద్దిరాజు వంగి, రెండూ తీశాడు. బీడీ కట్ట దోపుకున్నాడు. గుడ్డని నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులతో కిషోర్ బాబుకి అందించాడు.

"ఇదీ మీదేనండీ" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. లెక్క అప్పజెప్పినట్టు చెప్పి, వెంకాయమ్మతో కలిసి రోడ్డు మీద ఆగి ఉన్న ఆటో ఎక్కాడు.

నూనె మరకల గుడ్డ చేతిలో పట్టుకుని కిషోర్ బాబు అక్కడే నిలబడ్డాడు. వరసలో తర్వాతి మనిషి ముందుకొచ్చి, అతని మొహంలోకి సూటిగా చూస్తూ ఒడి దులిపింది. ఆమె వెనక ఇంకొకామె. అందరి ఒడీ ఖాళీయే. అతను ఎవరి మొహమూ చూడలేక నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు.