తూర్పు మూసిన గుమ్మటం

చిన్నపోలయ్యకు ఇల్లు కట్టే పిచ్చి పట్టిందని పాలెంలో అందరూ అనుకున్నారు. పట్టింది పిచ్చి కాదు, పెళ్ళాం మీద బెంగ. ఆ మాట అతను చచ్చినా పైకి ఒప్పుకోడు.

గురవమ్మ అలిగి పోలేదు. అలిగి పోయుంటే నాలుగు బతిమాలే మాటలు చెప్పి తెచ్చుకునేవాడు. పోయిన కార్తీకంలో తుపాను వచ్చిన రాత్రి చిన్నపోలయ్య బోట్లు కొట్టుకుపోకుండా కాలవలో కట్టేయడానికి పోయి అక్కడే చిక్కుపడ్డాడు. ఇంటి రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే ఆమె తలుపుకు వీపు ఆనించి తెల్లవార్లూ కూర్చుంది. తర్వాత వారానికి బుచ్చిరెడ్డిపాలెంలో అక్క దగ్గరికి పోయి, అక్కడే రైసుమిల్లులో పనికి కుదిరింది. ఎప్పుడొస్తావని ఫోనులో అడిగితే ఒకటే మాట అన్నది. "గాలి హోరు లేని చోట పండుకోవాలని ఉండాదయ్యా."

ఆ మాట పట్టుకుని అతను నెలల తరబడి నలిగాడు. పగలు పని ఉంటుంది గనుక ఎలాగో గడిచేది. పొద్దు వాలి పొయ్యి దగ్గర కూర్చుంటే మాత్రం ప్రాణం ఉసూరుమనేది. చేపల పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలో ముప్ఫై ఏళ్ల కాపురంలో ఎన్నడూ చూసి ఎరగడు. ఇప్పుడు ఫోను చేసి అడగడానికి నామోషీ. ముక్కలు ముద్దయిన పులుసు తింటూ, దాన్ని చూసి ఆమె ఏమని నవ్వేదో ఊహించుకునేవాడు.

ముత్తుకూరు దగ్గర నరేంద్రబాబు గారనే ఇంజనీరు తనకోసం గుమ్మటం ఇల్లు కట్టుకుంటున్నాడని విని, చిన్నపోలయ్య అక్కడ మట్టి పనికి పోయాడు. కాస్త సిమెంటు కలిపిన మట్టిని గోతాల్లో నింపడం, వాటిని గుండ్రంగా వరసగా పేర్చి దిమ్మిసతో కొట్టడం, వరసకీ వరసకీ మధ్య ముళ్లతీగ పరవడం, పైకి పోయేకొద్దీ వరసను లోపలికి జరుపుకుంటూ కొసన మూసేయడం. దూలం లేదు, రేకు లేదు. గాలి పట్టుకోవడానికి మూల అనేదే లేదని ఆ ఇంజనీరు చెప్పినప్పుడు చిన్నపోలయ్యకు లేచి గంతెయ్యాలనిపించింది.

చేపల వేట నిషేధం మొదలై బోట్లు ఒడ్డెక్కగానే తన స్థలంలో పని మొదలుపెట్టాడు. ఖాళీ గోతాలు కావాలంటే గురవమ్మే మిల్లులో అడిగి, కట్టలు కట్టి బస్సులో వేసి పంపింది. ఎందుకని అడగలేదు, అతనూ చెప్పలేదు. నడిమధ్యన గూటం పాతి, దానికి వల తాడు కట్టి, తాడు కొస చూపిన చోటే ప్రతి మూటా పెట్టాడు. కుండ బోర్లిస్తున్నావా అన్నా అని పక్కింటి మస్తాన్ వెక్కిరించేవాడు, వెక్కిరిస్తూనే మూటలు మోసేవాడు.

కిటికీ దగ్గరే పేచీ వచ్చింది. నాలుగు వైపులా కిటికీలు వదలమని నరేంద్రబాబు గారు ఫోనులో చెప్పాడు. చిన్నపోలయ్య పడమటన వాకిలి, దాని పక్కన ఒక కిటికీ వదిలి, తూర్పంతా మూసేశాడు. అల కొట్టే వైపు బోటుకి ఎవడైనా చిల్లి పెడతాడా? గాలి వచ్చేదీ, హోరు వచ్చేదీ సముద్రం మీదనుంచే. గోడ మందం మీద అతనికి అంత నమ్మకం.

పై మూట పెట్టిన మర్నాడు గురవమ్మను పిలిపించాడు. ఆమె వచ్చి, గోడ చుట్టూ చెయ్యి ఆనించి నడిచింది. మూటల మీద తన మిల్లు ముద్ర చూసి నవ్వింది కూడా. తర్వాత లోపలికి పోయి నేల మీద కూర్చుంది. అతను వాకిట్లో నిలబడి, పరీక్ష రాసిన పిల్లవాడిలా ఆమె ముఖం చూస్తున్నాడు. ఆమె నవ్వు మెల్లగా పోయింది.

"సముద్రం వినపడ్డంలేదే" అన్నది.

అందుకే కట్టానన్నాడు గర్వంగా. ఆమె లేచి, అతన్ని తను కూర్చున్న చోట కూర్చోబెట్టింది.

"నేను ఒడ్డుకి పోయి కేక పెడతా. వినపడితే బయటికి రా."

పాలెంలో బోటు అలలు దాటి ఒడ్డు పట్టేముందు మగవాడు ఒక కేక పెడతాడు. ఎవరి కేక వారిది. అది విని ఆడమనిషి గంప తీసుకుని లేచి వస్తుంది. చిన్నపోలయ్య ఆ కేక పెట్టడమే ఎరుగును. వినాల్సిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు.

కూర్చున్నాడు. చల్లగా, హాయిగా ఉంది. కాసేపటికి ఇంకా పిలవదేమనుకున్నాడు. ఇంకాసేపటికి వాకిలి వైపు తిరిగి చెవి ఒగ్గాడు. అలిగి బస్సెక్కిందా? అలకి దగ్గరగా పోయిందా? తన ఊపిరి తనకే వినపడుతోంది, ఇంకేమీ వినపడడం లేదు. ఇక కూర్చోలేక పరుగున బయటపడ్డాడు.

గురవమ్మ నీళ్ల అంచున, నోటి చుట్టూ రెండు చేతులూ దొప్పలా పెట్టి కేక వేస్తోంది. అది అతని కేకే. మొదట సాగదీసి, చివర తుంచే తీరు కూడా అతనిదే. గొంతు బొంగురుపోయింది.

"ఎంతసేపట్నించి పిలస్తా ఉండావు?"

"నువ్వు కూర్చున్నకాడ్నించి. ఎట్టుండింది లోపల?"

"బయమేసినాది" అన్నాడు. ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

"నాకు గాలంటే బయం కాదయ్యా. ఆ రాత్రి ఆ హోరులో నీ కేక వినపడలా. నువ్వు పిలిచుంటావు, నేను లేచి రాలేదనుకుంటా తెల్లార్లూ చచ్చినా. బుచ్చిలో అయితే ఎట్టాగూ వినపడదు గదా, మనసు ఊరుకుంటదని పోయినా. ఊరుకోలా. రోజూ బోట్లొచ్చే యేళకి మెలకువొచ్చి చెవులు రిక్కించుకోనుంటా."

చిన్నపోలయ్య ఇక నిలబడలేదు. నిచ్చెన వేసి గుమ్మటం ఎక్కి గడ్డపారతో పై మూట కదిలించాడు. మూసింది మొత్తం దించి తూర్పున కిటికీ పెడతానని, అంతవరకు వేట మాట ఎత్తనని, నిషేధం తీరి బోట్లు దిగే తొలినాడు ఊరంతా పోయినా తాను మాత్రం పోనని అక్కడినుంచే ఒట్టు పెట్టుకోబోయాడు.

"దిగు" అన్నది గురవమ్మ. "కేక పెట్టేవాడు ఒడ్డునే కూర్చుంటే కిటికీ నాకెందుకు? నువ్వు ఏటకి పో. కిటికీ అయ్యిందాకా నేను ఈ ఇసకలోనే పండుకుంటా."

ఆ సాయంత్రం బుచ్చిరెడ్డిపాలెం బస్సు ఆమె లేకుండానే పోయింది.