ఎనిమిది పచ్చదీపాలు

కేబుల్ పైతోలు వలిచి, లోపలి తీగల్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు పాములాయన. తెలుపు మీద సన్నటి నారింజ చార ఒకటి, తెలుపు మీద సన్నటి గోధుమ చార ఒకటి ఉండాలి. రెండూ ఒకేలా ఉన్నాయి. జంట పురి ఇంకాస్త విప్పాడు. మరికాస్త విప్పాడు. అప్పుడు దొరికింది రంగు.

తీగల్ని జంటలుగా పురిపెట్టేది ఒకదాని మాట పక్కదాంట్లోకి కారకుండా. చివర అరంగుళానికి మించి విప్పకూడదు. తను పనిచేసే కేబుల్ కంపెనీలో ఫిట్టర్లందరికీ ఈ పాఠం చెప్పింది పాములాయనే. ఇప్పుడాయన విప్పింది రెండంగుళాలు.

సాకెట్టు బిగించి, నడుం సంచిలోంచి పాత టెస్టరు తీసి తగిలించాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా పచ్చదీపాలు వరసగా వెలిగాయి. తీగ ఈ చివరి నుంచి ఆ చివరికి చేరిందా లేదా అన్నదొక్కటే దానికి తెలుసు. ఎలా చేరిందో దానికి అక్కర్లేదు.

ముప్పై ఒక్క ఏళ్లుగా పైకప్పుల్లో, గోడల్లో చడీచప్పుడు లేకుండా కేబుళ్లు పాకించాడు కనుక ఆ పేరు. మోకాళ్ల మీద కాయలు కాశాయి. కుడి బొటనవేలి గోరు ఏనాడో రెండుగా చీలి అలాగే పెరిగింది. పొద్దున ఒక కాలికి నల్ల మేజోడు, రెండో కాలికి నీలం మేజోడు వేసుకుంటే భార్య వంగి మార్చింది. ఆవిడకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

వాళ్లు కేబుళ్లు వేస్తున్న కొత్త ఆసుపత్రి మూడో అంతస్తులోకి రెండు పెట్టెలతో వచ్చింది కంపెనీ యజమానురాలు. పాత యజమాని కూతురు.

"బాబాయ్, కేబుళ్లు పరీక్షించే రెండు మిషన్లూ వచ్చాయి. సాయంత్రానికి ఒకటి వెనక్కి పంపాలి. ఏది ఉంచాలో నువ్వే చెప్పు. ప్రతి లైనుకీ సర్టిఫికెట్ లేందే ఆసుపత్రి వాళ్లు బిల్డింగు తీసుకోం అంటున్నారు."

నిచ్చెన అని అందరూ పిలిచే పొడుగాటి ఫిట్టరు అప్పటికే రెండూ చేతుల్లోకి తీసుకుని తూచాడు.

"తేలికది తీసుకో బాబాయ్. చిటికెలో తేల్చేస్తుంది. ఈ బరువుది మా అత్తగారి టైపు. తప్పుందని చెప్పి ఊరుకోదు, ఎన్నో మీటరు దగ్గరుందో కూడా చెబుతుంది."

"మంచి కేబుల్‌ని మంచిదని ఏ మిషనైనా అంటుందిరా. చెడ్డదాన్ని పట్టుకుంటుందా లేదా, అదీ చూడాల్సింది," అన్నాడు పాములాయన.

"అయితే ఒకటి చెడగొట్టి తేనా?"

పాములాయనకు ఉద్యోగం ఇంకా నాలుగేళ్లుంది. నోరు మూసుకుంటే సరిపోతుంది.

"అక్కర్లేదు. ఒకటి తయారుగా ఉంది," అని పొద్దున బిగించిన సాకెట్టు చూపించాడు.

పాత టెస్టరు పీకి, ముందు తేలికది తగిలించారు. పచ్చగా వెలిగింది. అక్షరాలు ఆయనకు అలికినట్టు కనిపించాయి.

"పాస్," చదివాడు నిచ్చెన. "పక్కన చిన్న చుక్క గుర్తేదో ఉంది. అంచున గట్టెక్కిందని అర్థం. పాస్ పాసే కదా."

తర్వాత బరువుది. తెర ఎర్రబడింది. ఈ చివర, సాకెట్టు దగ్గరే, జంటల పురి చెడిందని బొమ్మ గీసి మరీ చూపించింది.

నిచ్చెన నవ్వు ఆగిపోయింది. యజమానురాలు సాకెట్టు మూత విప్పి చూసింది. బోసిగా రెండంగుళాల తీగలు.

"ఎవరు వేశారిది?"

"నేనే. రంగులు కనపడక అంత విప్పాను. బరువుది ఉంచమ్మాయ్."

తన వేలితో తన కన్నే పొడుచుకుంటున్నాడని ఆ గదిలో ముగ్గురికీ అర్థమైంది.

"చుక్కతో సరిపెట్టుకోవచ్చుగా బాబాయ్," అన్నాడు నిచ్చెన, నేల చూస్తూ.

"రేపు ఎవరిదో స్కాన్ బొమ్మ ఈ తీగలో సగం దూరం వచ్చి ఆగిపోతే, పేషెంటుకి చుక్క చూపిస్తావా?"

"కళ్లజోడు మార్చుకో," అంది ఆమె మెల్లగా.

"మూడుసార్లు మార్చాను. ఇక జోడుతో అయ్యే పని కాదన్నాడు డాక్టరు."

"పోనీ, పైన ఉండి పనులు చూసుకో."

"చూడలేనివాడికి చూసుకునే పనా?" నవ్వాడు. "ఈ అంతస్తులో నేను బిగించిన సాకెట్లన్నీ ఆ అట్టముక్క మీద రాశాను. ఒక్కటీ వదలకుండా దీంతో చూడండి."

అట్ట మీద అక్షరాలు పెద్దవిగా, వంకరగా ఉన్నాయి. ఆయన ఎన్నాళ్ల నుంచి సిద్ధపడుతున్నాడో ఆమెకు అప్పుడు తెలిసింది. తేలిక మిషను పెట్టెకు టేపు అంటించడం మొదలుపెట్టింది.

పాములాయన వంగి పాత టెస్టరును ఆ సాకెట్టుకే మరోసారి తగిలించి చూశాడు. తర్వాత నడుం సంచి విప్పి నిచ్చెన భుజాన వేశాడు. "అత్తగారితో జాగ్రత్తరా," అన్నాడు. మెట్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ పాదంతో తడిమి దిగి వెళ్లాడు. బయట ఇంకా ఎండ ఉంది.

అట్టముక్క చేత పట్టుకుని పొద్దుటి లైను సరిచేయడానికి వంగిన నిచ్చెన ఆగిపోయాడు. ఆ సాకెట్టుకే తగిలించి ఉంది ఆయన పాత టెస్టరు, ఆపడం మరిచిపోయి. మూలలు అరిగిన ఆ చిన్న డబ్బా మీద ఒకటి, రెండు, మూడు అంటూ ఎనిమిది దీపాలూ వరసగా వెలుగుతున్నాయి, అన్నీ పచ్చగానే.