ముందు నడిచేవాడు

జగదల్‌పూర్ కాలేజీలో నేను ఏటా ఇష్టంగా చెప్పే పాఠం ఒకటుంది. నాలుగొందల ఏళ్ల కిందట స్కాట్లండ్ నుంచి వెళ్లి స్వీడన్, పోలండ్, రష్యా రాజుల దగ్గర జీతానికి యుద్ధాలు చేసిన అధికారుల కథ అది. శత్రువుకి పట్టుబడితే వాళ్లలో కొందరు ఆ శత్రువు సైన్యంలోనే కొలువు కుదుర్చుకునేవారు. ఆ ముక్క దగ్గర క్లాసు తప్పకుండా నవ్వుతుంది. నవ్వేలా చెప్పేది నేనే.

ఈసారి వెనక బెంచీలో మడకం జోగయ్య నవ్వలేదు. అతను కిష్టారం వైపు దొర్ల ఆదివాసీ. అడవిలో దళాన్ని వదిలి లొంగిపోయాడు. ఇప్పుడు పోలీసుల్లో పనిచేస్తూ డిగ్రీ చదువుతున్నాడు. మాది తెలుగు మాట్లాడే సరిహద్దు ఊరు కొంట అని తెలుసు కాబట్టి నాతో తెలుగులోనే మాట్లాడతాడు. క్లాసయ్యాక వరండాలో నన్ను ఆపాడు.

“మేడం, వాళ్లను వాళ్ల ఊరి మీదికే తోలిండ్రా?”

“లేదయ్యా, అవి పరాయి దేశాలు. చెప్పాను కదా” అన్నాను విసుగ్గా.

“అట్లయితే నయమే. మాకు తోవ తెలుసు గదా, మమ్మల్నే ముందు నడిపిస్తరు. మొన్న తెల్లారగట్ల మా ఊరికే పోయినం. దళంల ఉన్న మా అన్న ఇంటికొచ్చి పండుకున్నడని తెలిసింది. కొత్తోళ్లొస్తే మా కుక్కలు ఊరంతా లేపుతయ్.”

పుస్తకం చంకలోంచి తీసి మళ్లీ చంకలోనే పెట్టుకున్నాడు.

“నన్ను చూసి తోకలూపుకుంట వచ్చినయ్ మేడం. ఒక్కటి గూడ మొరగలే.”